నలభై రెండో ఓటు

మా ఇంట్లో నాలుగు ఓట్లున్నాయని ఊళ్ళో అందరూ అంటారు. అది శుద్ధ అబద్ధం. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఓటు. దాన్ని నలుగురం వెళ్ళి వేసి వచ్చేవాళ్ళం.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎన్ని ఎన్నికలు జరిగాయో చెప్పలేను గానీ, పోలింగు రోజు పొద్దున మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండేది. మా మామయ్య వెంకటప్పయ్య గారు వరండాలో కూర్చుని కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక గుర్తు పేరు చెప్పేవారు. అత్తయ్య తల ఊపేది. మా ఆయన అనిల్‌కుమార్ "సరే నాన్నా" అనేవాడు. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. "మీకెప్పుడూ వేరేగా వేయాలనిపించదా?" అని ఒకసారి మా ఆయన్ని అడిగితే, "నాకు ఆలోచించే పని తప్పింది గదా ప్రమీలా, మంచిదేగా" అన్నాడు. ఆయన మామిడితోటలో ఏ చెట్టుకు ఎప్పుడు మందు కొట్టాలో రోజంతా ఆలోచిస్తాడు. అక్కడితో ఆయన ఆలోచన కోటా అయిపోతుంది.

మామయ్య మంచివారు కాదని నేననను. చెడ్డవారైతే నాకింత బాధే లేదు. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి పెనుబల్లి పక్కన ఈ ఊరికి వచ్చి సేద్యం మొదలుపెట్టినప్పుడు మామయ్యకు ఆరేళ్ళట. కుర్రతనంలో ఎర్రజెండా పట్టుకుని తిరిగారు. ఊరి వెనక లంబాడీ తండాలో రాందాస్‌తో కలిసి పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పారు, ఆ ఇళ్ళల్లో జొన్నరొట్టెలు తిన్నారు. అప్పట్లో మా వీధిలో అదొక పెద్ద గొడవ. ముహూర్తం, పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని అత్తయ్యను పెళ్ళి చేసుకున్నారు.

నేనేమో మధిర దగ్గర పూజలూ వ్రతాలూ దండిగా ఉన్న ఇంట్లో పుట్టాను. కాపురానికి వచ్చిన రోజు ఈ ఇంట్లో ఒక్క దేవుడి పటం కూడా కనబడక ఏడుపొచ్చింది. మామయ్య సంగతి కనిపెట్టి, "నాకు నమ్మకం లేదమ్మాయ్. కానీ నీ నమ్మకం నీది. నీ దీపానికి అడ్డం చెప్పడానికి నేనెవర్ని?" అని, తనే సుత్తి తీసుకుని వంటింట్లో తూర్పుమూలన ఒక చెక్క బిగించి ఇచ్చారు. ఆ మాటకు ఆ రోజే ఆయన మీద గౌరవం పుట్టింది. ఇప్పటికీ ఉంది. ఈ కథలో నేను ఆయన్ని ఎంత తిట్టినా అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక మా అమ్మాయి లిఖిత. పదిహేడేళ్ళు నిండాయి. ఖమ్మంలో బి.ఏ. మొదటి సంవత్సరం. ఖానాపురం హవేలిలో మరో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి గది కిరాయికి తీసుకుని, షేర్ ఆటోలో కాలేజీకి పోయివస్తుంది. పంచాయతీ ఎన్నికలకు నోటిఫికేషన్ వచ్చిన వారమే అది ఇంటికొచ్చి, వరండాలో మా ముందు ఒక కాగితం పరిచింది. ఇరవై ప్రశ్నలు. ఇంట్లో ఎవరు ఉదారవాదులో, ఎవరు సంప్రదాయవాదులో తేల్చుకురమ్మని వాళ్ళ పొలిటికల్ సైన్సు సారు చెప్పాడట.

"అంటే ఏందే?" అన్నాను.

"మనిషిని తన దారిన తనను పోనియ్యాలె, కొత్తది మంచిదైతే తెచ్చుకోవాలె అనేటోళ్ళు ఉదారవాదులు. ఉన్న పద్ధతి ఊరికే రాలేదు, దాన్ని జల్దీ జల్దీ పీకెయ్యొద్దు అనేటోళ్ళు సంప్రదాయవాదులు. ఎవర్నీ తిట్టినట్టు కాదమ్మా, రెండూ రెండు రకాల ఆలోచనలు."

"మరి ఒకే మనిషికి రెండూ నిజమే అనిపిస్తే?"

"అప్పుడు నాకు మార్కులు రావు" అంది విసుగ్గా.

మామయ్య హుషారుగా జవాబులు చెప్పారు. దేవుడు, కులం, పెళ్ళి లాంటి వాటి దగ్గర ఎర్రజెండా మనిషిలాగే చెప్పారు. తర్వాత వేరే రకం ప్రశ్నలొచ్చాయి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలా? "ఉండాలె. లేకుంటే అది ఇల్లెట్లయితది?" పెద్దవాళ్ళ నిర్ణయాన్ని చిన్నవాళ్ళు నలుగురి ముందు కాదనొచ్చా? "నలుగురి ముందెందుకు, చాటుగ చెప్పుకోవచ్చు గదా." కూడి చూస్తే ఇరవైలో పదమూడు అటువైపు పడ్డాయి. లిఖిత నవ్వు ఆపుకుంటూ, "తాతయ్యా, నువ్వు సంప్రదాయవాదివి" అంది.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవరు? నేనా? మీ సారు పుట్టకముందు నేను జెండా మోసిన! ఆ ప్రశ్నలు రాసినోడెవడో తీసుకురా, నేనే మాట్లాడ్త" అని లేచి తోటకు వెళ్ళిపోయారు. నాకు సరిగ్గా అటు పది, ఇటు పది వచ్చాయి. అటూ కాదు, ఇటూ కాదు. నానమ్మనూ అడుగుదామని లిఖిత వంటింట్లోకి వెళ్తే, "నాకేం తెలుసే" అని అత్తయ్య పప్పు తిప్పుతూ ఉండిపోయిందట.

వెళ్ళేముందు బస్సు కోసం నిలబడి లిఖిత ఒక మాట అంది. "నాకింకా నాలుగు నెలలుంటే గానీ ఓటు రాదమ్మా. నీకు ఇరవై నాలుగేండ్ల సంది ఉంది. దానితోని ఏం చేసుకుంటున్నవ్?" పిల్లది మామూలుగానే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బస్సు పోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

మా వార్డు అంటే మా వీధీ, వెనక తండాలో సగమూ. ఈసారి ఆడవాళ్ళకు రిజర్వు అయింది. పంచాయతీల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి స్టూలు, ఈల లాంటివి ఇస్తారు. మా వీధి నుంచి నాగక్క నిలబడింది. మామయ్యకు వరసకు కూతురవుతుంది, వెనకొకసారి వార్డు మెంబరుగా చేసింది. ఆమెకు స్టూలు. తండా నుంచి భద్రు కోడలు భార్గవి నిలబడింది. డిగ్రీ చదివింది, పెనుబల్లిలో జిరాక్సు షాపులో పనిచేస్తుంది. ఆమెకు ఈల.

అసలు గొడవంతా రోడ్డు గురించి. ఊళ్ళోంచి వచ్చిన సిమెంటు రోడ్డు ముత్యాలమ్మ గద్దె దగ్గర ఆగిపోతుంది. అటుపక్క తండా దాకా మట్టిదారి. వానలు పడితే ఆటో కూడా రాదు. రోడ్డు నేరుగా పోవాలంటే గద్దె అడ్డం.

నాగక్క ముందు వాకిట్లోంచి వచ్చింది. మామయ్య ఎదురుగా కూర్చుంది. కాఫీ తాగింది. "బాబాయ్, నీ మాట కావాలె" అంది. "మా ఇంటి నాలుగూ నీవే పో" అన్నారు మామయ్య. కాఫీ ఇచ్చింది నేను. నా ఓటు కూడా ఆ గ్లాసుతో పాటే ఇచ్చేసినట్టయింది.

భార్గవి పెరటివైపు నుంచి వచ్చింది. మునగచెట్టు కింద బట్టలుతికే రాయి మీద కూర్చుని, "అక్కా, నీ ఓటు నాకెయ్యమని అడగనీకొచ్చిన" అంది. గద్దెను పది అడుగులు పక్కకు జరిపి రోడ్డు వేయిస్తానంది. "మొన్న మా పూలి అత్తను మంచం మీద మోసుకొచ్చినం. అంబులెన్సు గద్దె కాడనే ఆగింది. దవాఖానాకు పొయ్యేసరికి అర్ధగంట లేటయింది. బతికింది గానీ, ఎన్నిసార్లు గట్ల బతుకుతరు?"

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "గద్దె కదపడం నాకు నచ్చలేదు భార్గవీ. మా పిల్లకు అమ్మవారు పోసినప్పుడు నేనక్కడ నీళ్ళు పోసిన. అది నాకు రాళ్ళ కుప్ప కాదు."

ఆ పిల్ల ముఖం మాడ్చుకుంటుందనుకున్నాను. మాడ్చుకోలేదు. "నచ్చకుంటే నచ్చలేదనే చెప్పాలె అక్కా. అందరూ ఎస్తం ఎస్తం అంటున్నరు, ఎవర్ని నమ్మాల్నో తెలుస్తలేదు" అని నవ్వింది. వెళ్తుంటే ఒక కవరు నిండా మునక్కాయలు కోసి ఇచ్చాను.

తర్వాత నేనే నాగక్క ఇంటికి వెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళలో అభ్యర్థిని నేను ప్రశ్న అడగడం అదే మొదలు. ఆమె కూడా ఆశ్చర్యపోయింది. "గద్దె కదపొద్దు. పక్కనున్న పగిడయ్య చేనులోంచి రెండు గజాలు తీసుకుని రోడ్డును వంపు తిప్పుదాం. పగిడయ్య మొండోడు, ఒప్పించనీకి ఆర్నెల్లు పడ్తది. నేను ఒప్పిస్త" అంది. ఆర్నెల్లు అనేసరికి పూలి మంచం గుర్తొచ్చి మనసు వెనకాడింది. కానీ నాగక్క చేస్తానన్న పని ఆలస్యంగానైనా చేసే మనిషి. ఎవరి మనసూ విరక్కుండా పని జరిగితే అది ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం. అన్నం వారుస్తూ, అంట్లు తోముతూ నాలుగు రోజులు ఇదే ఆలోచించాను. ఒక పూట భార్గవి, ఒక పూట నాగక్క గెలుస్తూ వచ్చారు.

పోలింగు రోజు మామయ్య ఎప్పటిలాగే గ్లాసు కింద పెట్టి "స్టూలు" అన్నారు. బడిలో వేలికి సిరా పెట్టించుకుని, కాగితం తీసుకుని అట్టల చాటుకు వెళ్ళాను. అంతసేపు నేనెప్పుడూ అక్కడ నిలబడలేదు. "అమ్మా, అయిపోయిందా?" అని ఆఫీసరు పిలిచాడు. "ఆగండి బాబూ" అన్నాను. చివరికి స్టూలు మీదే ముద్ర కొట్టాను. మామయ్య చెప్పిన గుర్తుకే వేశాను. కానీ మామయ్య చెప్పినందుకు వేయలేదు. బయటకొచ్చేసరికి ఎంత సంతోషమేసిందో! ఎవరికీ చెప్పుకోలేని సంతోషం.

మధ్యాహ్నం లెక్కపెట్టారు. మా వీధి నుంచి నలభై రెండు మంది, తండా నుంచి నలభై ఒక్క మంది ఓటేశారు. వీధి వీధంతా నాగక్కకు, తండా తండా అంతా భార్గవికి అనుకున్నారు కాబట్టి, ఒక్క ఓటుతో నాగక్క గెలవాలి. రెండుసార్లు లెక్కపెట్టినా భార్గవికే నలభై రెండు, నాగక్కకు నలభై ఒకటి. ఊరి ఎన్నికల్లో ఇదొక కష్టం. పేరుకు రహస్యమే గానీ, పెట్టె తెరిస్తే ఇంటింటి లెక్క బయటపడుతుంది. ఆ నలభై రెండో ఓటు మా వీధిలోదే.

సాయంత్రానికి మా వీధిలో ఇంటిపెద్దలందరూ తమవాళ్ళను ముత్యాలమ్మ గద్దె దగ్గరికి తీసుకెళ్ళి, నాగక్కకే వేశామని ప్రమాణం చేయించారు. వెళ్ళనిది మా ఇల్లొక్కటే. మామయ్యకు అలాంటివి గిట్టవని అందరికీ తెలుసు. నాగక్క వచ్చి వరండాలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "బాబాయ్, అందరి ఇండ్లూ అయిపోయినయ్. భార్గవి మీ పెరట్లకెళ్ళి మునక్కాయల కవరు పట్టుకుని పోతుంటే చూసినోళ్ళున్నరు" అంది. చూపు నా మీదే ఉంది.

"మా ఇంట్ల ప్రమాణాలుండవ్. మాటే" అన్నారు మామయ్య. కానీ ఇచ్చిన మాట పోయిందన్న బాధ ఆయన్ని ఆ రాత్రంతా తినేసిందని పొద్దున ముఖం చూస్తే తెలిసింది.

పొద్దున వంటింట్లో దీపం వెలిగించి దండం పెట్టుకుంటున్నాను. అత్తయ్య ఒక పక్కన కూరగాయలు తరుగుతోంది. మామయ్య గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వంటింట్లోకి రావడమే అరుదు.

"అమ్మాయ్, అనిల్‌ది నాకు తెలుసు. నా ఓటు నాకు తెలుసు. ఇగ ఎవరిదో నువ్వే చెప్పు. ఆ దీపం మీద చెయ్యి పెట్టి చెప్పు."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కడుపు మండింది. చెయ్యి పెట్టడం నాకెంత సేపు? నేను వేసింది నాగక్కకే. ఒక్క మాటతో కడిగిన ముత్యంలా బయటపడతాను. చెయ్యి లేచింది కూడా. మళ్ళీ దించుకున్నాను. ఇవాళ నిజమే కాబట్టి చెప్తాను. వచ్చేసారి నాకు వేరేగా వేయాలనిపిస్తే? అప్పుడూ ఈ దీపం దగ్గరికే రావాలి కదా.

"నేను చెప్పను మామయ్యా" అన్నాను.

"అంటే భార్గవికి వేసినట్టేగా?"

"వేసినట్టూ కాదు, వేయనట్టూ కాదు. చెప్పనన్నట్టు. నా దీపానికి అడ్డం చెప్పడానికి మీరెవరని మీరే అన్నరు. నా ఓటు కూడా అంతే. అయినా, మీరు నమ్మని దీపం మీద నేను ప్రమాణం చేస్తే మీరెట్ల నమ్ముతరు?"

ఆయన గుమ్మం దాటి వెళ్ళిపోయారు. అత్తయ్య కత్తిపీట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళింది. మామయ్యకు ఎదురుచెప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

మూడు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మామయ్య నా చేతి కాఫీ మానేశారు. మంచినీళ్ళ ప్లాంటు దగ్గర నేను బిందె పెట్టగానే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. మా ఆయన బతిమాలాడు. "ఏదో ఒకటి చెప్పెయ్ ప్రమీలా. నువ్వు నాగక్కకే వేసుంటవని నాకనిపిస్తున్నది. ఆ ముక్క చెప్తే అయిపోతది గదా!"

"మీకూ చెప్పను" అన్నాను.

రెండో రోజు మామయ్య ఆయనతో అన్న మాట నాకు చేరింది. "ఆ చదువే ఇంట్లకు ఈ గోల తెచ్చింది. ఈ ఏడు చాలు. పరీక్షలు కాంగనే పిల్లను ఇంటికి తీసుకురా."

ఆ మాటతో నా పట్టుదల నిజంగా సడలింది. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నా బింకం కోసం పిల్ల చదువు పోగొట్టనా? వెళ్ళి "నేను స్టూలుకే వేశాను మామయ్యా" అంటే అంతటితో సరి. వరండా దాకా వెళ్ళాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. నోటిదాకా వచ్చింది మాట. కానీ నాలుగు నెలలు పోతే లిఖితకూ ఓటొస్తుంది. ఇవాళ నేను చెప్తే రేపు దాన్నీ దీపం ముందు నిలబెడతారు. దాని చదువు కోసం నేనే దాన్ని ఆ ప్రమాణంలోకి నెట్టినదాన్నవుతాను. మాట మింగేసి, ఊరికే వరండా ఊడ్చి వచ్చేశాను.

నాలుగో రోజు తండా నుంచి రాందాస్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కర్ర పట్టుకుని వచ్చి మామయ్య ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళిద్దరి మధ్య దాపరికాలుండవు. మామయ్య జరిగిందంతా చెప్పుకున్నారు, కోడలు మొండికేసిందని. నేను కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ వింటున్నాను.

"దేని మీద చెయ్యి పెట్టమన్నవ్?" అన్నాడు రాందాస్.

"దీపం మీద."

"ఎవరు? నువ్వా?" రాందాస్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "అప్పయ్యా! మా తండాల ప్రమాణాలు మాన్పించనీకి ఎన్ని మీటింగులు పెట్టినవ్ నువ్వు! నువ్వు దీపం ముంగట... ఓరి నాయనా!" ఆ నవ్వు ఆగలేదు. మామయ్య నవ్వలేదు. రాందాస్ వెళ్ళాక కూడా తల దించుకుని కూర్చున్నారు. నాకాయన మీద జాలేసింది. కోపం ఉన్నచోటే జాలి కూడా వచ్చింది.

పొద్దెక్కాక లోపలికి వినబడేలా పిలిచారు. "అమ్మాయ్, ఇటు రా. కూర్చో."

వరండాలో ఆయన ముందు నేను కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. అంచు మీద కూర్చున్నాను. మా ఆయన తోట నుంచి అప్పుడే వచ్చి మెట్ల మీద నిలబడిపోయాడు.

"నేనడిగింది తప్పు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకు చాలా కష్టమైంది. "పిల్లను తీసుకురమ్మన్నది అంతకన్న పెద్ద తప్పు. పిల్ల చదువు పిల్లది. లిఖిత ఆ కాగితంల నన్ను అటుపక్క రాస్తే కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఊళ్ళో అందరికీ స్వేచ్ఛ కావాలని తిరిగిన. ఇంట్లకు వచ్చేటప్పుడు చెప్పులతో పాటు దాన్ని కూడ గుమ్మం బయటే విడిచిన. నువ్వు ఎవరికి వేసినవో నాకు చెప్పొద్దు. నాగక్కకు నేనే పొయ్యి చెప్త, మాట ఇయ్యడమే నాది తప్పని. ఆ ఓటు ఎవరిదో ఇగ ఈ ఇంట్ల ఎవరూ అడగొద్దు."

నేను ఏదో అనబోయాను.

"నాది" అంది అత్తయ్య.

గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె అలాగే ఉంది. మామయ్యకు మొదట అర్థం కాలేదు.

"ఏంది నీది?"

"ఆ ఓటు. నేనే వేసిన, భార్గవికి."

మెట్ల మీద మా ఆయన నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె పక్కన నిలబడి వంట చేస్తున్నాను, నాకూ తోచలేదు. మామయ్య ఆమెను అప్పుడే చూస్తున్నట్టు చూశారు.

"మూడు దినాల సంది కోడల్ని దొంగను చూసినట్టు చూస్తున్నవ్" అంది అత్తయ్య. "అనిల్‌ది తెలుసన్నవ్, నీది తెలుసన్నవ్. మూడోది కోడలిదన్నవ్. నాలుగోది ఎవరిదయ్యా? నేనా వంటింట్లనే ఉన్న, కూరగాయలు తరుగుకుంట. ఒక్కసారన్న నా దిక్కు చూసినవా? చెప్దామంటే భయమేసింది, అబద్ధమెందుకు. కానీ భయం కన్న ఎక్కువ ఏడుపొచ్చింది. నేను గట్ల చేస్తనని నీకు అనుమానం కూడ రాలేదే అని."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మామయ్య లేచి నిలబడ్డారు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు.

"ఎందుకేసినవ్?" అన్నారు చివరికి. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు.

"ఎందుకంటే? యాభై ఏండ్లల్ల నా ఓటు నన్నడిగింది ఆ పిల్లొక్కతే. కోడలితోని మాట్లాడి, బావి దగ్గరున్న నా కాడికొచ్చి, అమ్మమ్మా నీ ఓటు కావాలె అన్నది. నాకున్నదని గప్పుడు గుర్తొచ్చింది. ఒక్క రోజంత ఆలోచించిన. ముత్యాలమ్మ తల్లి పది అడుగులు జరిగితే అలగదు గానీ, పూలి ఆడ పడి ఉంటే మాత్రం అలుగుతదనిపించింది. వేసిన."

మామయ్య హఠాత్తుగా నా వైపు తిరిగారు. "ఆగమ్మాయ్. అంటే నువ్వు నాగక్కకే వేసినవా? నేను చెప్పినట్టే? ఆ ముక్క చెప్తే పొయ్యేది గదా!"

"మీరు చెప్పినందుకు వేయలేదు మామయ్యా" అన్నాను. "చెప్తే మీరు చెప్పినందుకే అనుకుందురు."

ఆయన ఏదో అనేలోపు అత్తయ్య నా మీదికొచ్చింది. "నాగక్కకేసినవా? నీకేం పుట్టిందే? ఆర్నెల్లంట ఆర్నెల్లు! ఇంతల ఎవరికన్న ఏమన్నయితే?"

"గద్దె కదిపినంక వీధి వాళ్ళు ఊరుకుంటరా అత్తయ్యా? రేపు రోడ్డు పడ్డా తండాకూ మనకూ మాటలుండవు. నాగక్క చెప్పినట్టు వంపు తిప్పితే ఎవరికీ నొప్పి లేదు."

"పగిడయ్యకు లేదా? వాడి చేనుగదా పొయ్యేది!"

"రెండు గజాలేగా! భార్గవిని కూర్చోబెట్టి చెప్తా. ఇప్పుడు మెంబరు తనేగా. నాగక్కనూ వెంటబెట్టుకుని పగిడయ్య దగ్గరికి పోతే, ఆర్నెల్లు ఎందుకు, ఒక్క నెలల్నే అయితది."

"అట్లయితే గద్దె కదపకున్నా నాకేం లేదు. కానీ నెలంటే నెలే. ముప్పై ఒకటో రోజు నేనే పొయ్యి జరుపుత."

అత్తయ్య మాట్లాడుతూ మాట్లాడుతూ వచ్చి మామయ్య పక్కనున్న కుర్చీలో కూర్చుంది. గరిటె ఊపుతూ మాట్లాడుతోంది. నేనూ కుర్చీ ముందుకు జరుపుకున్నాను. పొయ్యి మీద చారు సంగతి ఇద్దరికీ గుర్తులేదు. మా ఆయన మెట్ల మీద కూర్చుని ఒకసారి ఆమెవైపు, ఒకసారి నావైపు చూస్తున్నాడు. ఆయన కూడా మొదటిసారి ఏదో ఆలోచిస్తున్నట్టే ఉన్నాడు.

మధ్యలో రెండుసార్లు మామయ్య నోరు తెరిచారు. రెండుసార్లూ మా గొంతుల్లో ఆయన మాట కలిసిపోయింది. మూడోసారి, బళ్ళో పిల్లాడిలా చెయ్యి కొంచెం పైకెత్తారు.

"నేనొక మాట చెప్పొచ్చా?" అని అడిగారు.

అడిగారు! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"చెప్దురుగానీ మామయ్యా" అన్నాను. "ముందు అత్తయ్యను పూర్తి చెయ్యనియ్యండి."